లాయర్ లేకుండా అదే పొలం మీద మూడో దావా వేశారు, ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారికీ పెదనాన్నగారికీ మధ్య రెండెకరాల మాగాణి పంపకం దావా ఎప్పుడో తేలిపోయింది, అప్పీలు కూడా కొట్టేశారు. అయినా పెదనాన్నగారి అబ్బాయి కాగితాలు తనే రాసుకుని అదే పొలం మీద మూడో దావా వేశాడు. జడ్జిగారు అతను చెప్పేదంతా ఓపిగ్గా వింటున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది. కోర్టుకు వెళ్లడం మానేస్తే ఏమవుతుంది? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మానేయకండి. మీరు రాకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడిపిస్తారు. ఎదురు చెప్పేవాళ్లు లేకపోతే పస లేని దావా కూడా డిక్రీ అయిపోవచ్చు. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా (అతని దావాకు మీ రాతపూర్వక సమాధానం) వేయాలి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కోర్టు సమన్లు అందిన నాటి నుంచి 90 రోజుల వరకు గడువు ఇవ్వగలదు.

జడ్జిగారి ఓపిక చూసి భయపడకండి. ఎవరి కేసు వాళ్లు వాదించుకోవచ్చు. అలాంటివాళ్లు కాగితాల్లో చేసే చిన్న తప్పుల్ని కోర్టులు పెద్దగా పట్టించుకోవు. ఫీజు ఇచ్చుకోలేని మనిషికి కోర్టు తలుపు తెరిచే ఉండాలి కాబట్టి అది న్యాయమేనని నేనూ నమ్ముతాను. కానీ కాలపరిమితి, కోర్టు ఫీజు, ఒకసారి తేలిన విషయాన్ని మళ్లీ తిరగదోడకూడదనే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 11, ఇవి లాయర్ ఉన్నా లేకున్నా ఒకటే.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. వేధించడానికి వేసిన దావాను మొదట్లోనే ఆపాలని 1977లోనే అరివందందం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని, దావా పత్రాన్ని మొదట్లోనే తిరస్కరించమని అదే కోడ్‌లోని ఆర్డర్ 7 రూల్ 11 కింద పిటిషన్ వేసి ఊరుకుంటారు. ఆ పిటిషన్‌లో కోర్టు చూసేది వాది రాసిన దావా పత్రాన్నే, మీ జవాబును కాదు. పాత కేసుల సంగతి అతను దాచేస్తే? సెక్షన్ 11 తేల్చాలంటే పాత దావా, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు), తీర్పు అన్నీ చూడాలి కాబట్టి మామూలుగా అది రూల్ 11 కింద తేలదని 2021లో శ్రీహరి హనుమందాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా రూల్ 11 కింద తిరస్కరిస్తే కొత్తగా దావా వేసే వీలు మిగిలే ఉంటుంది. అందుకే జవాబు దావాలో సెక్షన్ 11 అభ్యంతరం స్పష్టంగా రాసి, ఆర్డర్ 14 రూల్ 2 కింద దాన్నే ముందు తేల్చమని అడగండి. ఆ కారణంతో దావా కొట్టేస్తే మీకు గట్టి రక్షణ.

ఖర్చుల విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అబద్ధపు దావాకు సెక్షన్ 35ఎ కింద ఇప్పించే పరిహారం 3,000 రూపాయలు దాటదు. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగినవాళ్లకు ఇది చాలా అన్యాయం, ఈ పరిమితి మారాలి.

ఇకపై మీకు తెలియకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చుకుంటాడనే భయం ఉంటే సెక్షన్ 148ఎ కింద కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందే కోర్టును కోరే కాగితం) వేయండి. అది 90 రోజులు పనిచేస్తుంది. పదే పదే ఇలా కేసులు వేసేవాళ్ల కోసం మద్రాసు రాష్ట్రంలో 1949లో ఒక చట్టం వచ్చింది. దాని కింద అడ్వకేట్ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) కోరితే, ముందస్తు అనుమతి లేకుండా ఆ మనిషి కేసు వేయకూడదని హైకోర్టు ఆదేశించవచ్చు. ఆ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1965లో తేల్చింది. మూడు దావాలకే అంత దూరం వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం.

ముందు పాత దావా పత్రం, తీర్పు, డిక్రీ, అప్పీలు తీర్పు సర్టిఫైడ్ కాపీల కోసం ఈ వారమే దరఖాస్తు పెట్టండి. అవి చేతికొచ్చాక మీ లాయర్ గారితో కూర్చుని జవాబు దావా రాయించండి.