లక్షన్నర ఇస్తాం, సంతకం పెట్టండి అంటున్నారు... పెట్టాలా?

ప్రశ్న: మా ఆయనకి 40 ఏళ్లు, అపార్ట్‌మెంట్ల దగ్గర రాడ్ బెండింగ్ పని, రోజుకి 800 కూలి. 2025 ఆగస్టులో పరంజా విరిగి మూడో ఫ్లోర్ నుంచి పడ్డారు. కుడి కాలికి ప్లేట్లు వేశారు, ఇక బరువులు మోయకూడదు, ఎత్తులు ఎక్కకూడదు అన్నారు డాక్టర్ గారు. కాంట్రాక్టర్ ఆసుపత్రికి 60 వేలు కట్టాడు, మిగతాది మేం మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి కట్టాం. ఇప్పుడు లక్షన్నర ఇస్తా, ఇంకే కేసూ వెయ్యం అని స్టాంప్ పేపర్ మీద సంతకం చేయండి అంటున్నాడు. తీసుకోమంటారా? తీసుకుంటే ఎక్కడ దాచుకోవాలి?

జవాబు: చెల్లెమ్మా, దాచుకోవడం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పేపర్ మీద మాత్రం సంతకం పెట్టకండి, మీ ఆయన చేత పెట్టించకండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తా, కాగితం పెన్ను తీసుకోండి.

మీ ఆయన ప్రమాదం 2025 ఆగస్టులో కాబట్టి పాత చట్టమే, అంటే 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ యాక్టే వర్తిస్తుంది (2025 నవంబర్ 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చింది, ఆ తర్వాత జరిగిన వాటికి అది చూసుకోవాలి). ఈ చట్టంలో పరిహారం ఎంత అనేది ఎవరి దయా కాదు, ఫార్ములా ఉంది. నెల జీతంలో 60 శాతం తీసుకుని, వయసుని బట్టి టేబుల్లో ఇచ్చిన నంబర్‌తో గుణించాలి. రోజుకి 800 అంటే 26 రోజులకి 20,800 అవుతుంది గానీ చట్టం లెక్కకి 15,000 దాటి తీసుకోరు, 2020 జనవరి నుంచి ఆ లిమిట్ ఉంది. 15,000లో 60 శాతం 9,000. 40 ఏళ్లకి టేబుల్లో నంబర్ 184.17. గుణిస్తే 16,57,530 రూపాయలు. మనిషి అసలు ఏ పనీ చేయలేని స్థితి అయితే మొత్తం అంతా వస్తుంది, కొంతవరకే పోతే సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో అంత శాతం వస్తుంది.

ఇప్పుడు కాంట్రాక్టర్ లక్షన్నరని దీంతో పోల్చండి. అది 9 శాతం! అంటే రాడ్లు మోసి, స్లాబులెక్కి బతికే మనిషి బరువు మోయకూడదు, ఎత్తెక్కకూడదు అంటే ఆయన సంపాదనలో పోయింది 9 శాతమేనట. మీకేమైనా నమ్మకంగా ఉందా? నాకైతే లేదు. 40 శాతం అని తేలినా 6,63,012 వస్తుంది, 15 శాతం అన్నా రెండున్నర లక్షల దగ్గరికి వస్తుంది. ఎంత శాతం అని తేలుతుందో ముందే నేను హామీ ఇవ్వలేను, అది డాక్టర్ రిపోర్టునీ, లేబర్ ఆఫీసులో ఈ కేసులు చూసే కమిషనర్ గారినీ బట్టి ఉంటుంది, కానీ 9 దగ్గర మాత్రం మొదలుపెట్టకండి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడే విషయం ఒకటి చెప్పాలి. అంగవైకల్యం సర్టిఫికెట్‌లో రాసే శాతం వేరు, సంపాదించే శక్తి పోయిన శాతం వేరు. కాలు 30 శాతం దెబ్బతిన్నదని రాసినా, కాలి మీద నిలబడి చేసే పనే జీవనాధారం అయినవాడికి నష్టం 30తో ఆగదు కదా. 1975లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు ఒకటుంది, ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోయిన వడ్రంగికి ఒంటి చేత్తో వడ్రంగం ఎలా చేస్తాడు అని నూటికి నూరు శాతం నష్టంగానే తీసుకున్నారు. కాబట్టి డాక్టర్ గారిని అడిగేటప్పుడు "ఎంత శాతం" అని మాత్రమే కాదు, ఏమేం చేయలేడో కూడా రాయమనండి: బరువు మోయడం, నిచ్చెన ఎక్కడం, గొంతుక్కూర్చోవడం, ఎండలో గంటల తరబడి నిలబడటం, అన్నీ.

కాంట్రాక్టర్ ఏమంటాడో కూడా చెప్తా. "ఆసుపత్రికి 60 వేలు కట్టాను కదా, అది తీసేస్తే..." అంటాడు. తీసేయడానికి వీల్లేదు, వైద్యానికి ఇచ్చింది పరిహారం కింద లెక్కలోకి రాదని చట్టంలోనే రాసుంది, పైగా మీరు కట్టిన వైద్యం ఖర్చు కూడా బిల్లులుంటే వాళ్లే ఇవ్వాలి. "బెల్ట్ పెట్టుకోలేదు, తాగున్నాడు" అంటాడు, అది ఆయన నిరూపించాలి, మీరు కాదు. యజమాని తప్పు ఉందని మీరు చూపించక్కర్లేదు, పనిలో ఉండగా పని వల్ల దెబ్బ తగిలిందని చూపిస్తే చాలు. "నా దగ్గర అంత డబ్బు లేదు" అంటే పై బిల్డర్ ఉన్నాడుగా, కాంట్రాక్టర్ పెట్టుకున్న కూలీకి దెబ్బ తగిలినా అసలు యజమాని దగ్గర అడిగే హక్కు ఉంది, అప్లికేషన్‌లో ఇద్దరి పేర్లూ పెట్టించండి. బిల్డర్‌కి ఇన్సూరెన్స్ పాలసీ ఉందేమో కూడా అడగండి, చాలా సైట్లకి ఉంటుంది, కూలీలకి మాత్రం చెప్పరు.

ఇక ఆ స్టాంప్ పేపర్. పరిహారం హక్కు వదులుకుంటున్నాను అని రాసిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు. నిజంగా రాజీ పడాలనుకున్నా ఆ ఒప్పందం కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి, అక్కడ డబ్బు మరీ తక్కువగా ఉంటే రిజిస్టర్ చేయనని ఆయన అనొచ్చు. చెల్లనిదే కదా సంతకం పెడితే ఏమవుతుంది అనుకోకండి, రేపు కేసు వేస్తే అదే కాగితం చూపించి నెలలు సాగదీస్తారు. ఇంట్లో ఇబ్బంది ఎక్కువై కొంత డబ్బు తీసుకోవాల్సి వస్తే బ్యాంక్ అకౌంట్‌కే వేయమనండి, "పరిహారంలో కొంత భాగం ముట్టింది" అని రసీదు రాసివ్వండి, అంతకు మించి ఒక్క లైను కూడా వద్దు.

అసలు మీ కష్టం ఆ కాగితం కాదు, ఆ మూడు రూపాయల వడ్డీ. నెలకి 3,000 పోతోంది, అది నెత్తి మీద ఉంటే లక్షన్నర కూడా పెద్ద మొత్తంలాగే కనిపిస్తుంది, అవతలి వాడికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకని కేసు కన్నా ముందు ఈ అప్పు సంగతి చూడండి. ఇంట్లో కాస్త బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తీసుకోండి, సాధారణంగా రూపాయి వడ్డీ లోపే పడుతుంది, లేదా డ్వాక్రా గ్రూపులో ఉంటే అక్కడ అడగండి, ఆ డబ్బుతో ఈ లక్ష తీర్చేస్తే నెలకి రెండు వేల పైన మిగులుతుంది. ఇంకో సంగతి, ప్రమాదం జరిగి నెల దాటినా యజమాని కట్టకపోతే పరిహారం మీద ఏడాదికి 12 శాతం వడ్డీ కట్టాలి, సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా పెనాల్టీ కూడా పడొచ్చు. 6.63 లక్షల మీద 12 శాతం అంటే నెలకి 6,600 పైనే. అంటే ఆగడం వల్ల మీకంటే వాళ్లకే ఎక్కువ ఖర్చు, ఈ లెక్క మీకు తెలుసని వాళ్లకి అర్థమైతే మాట తీరే మారుతుంది.

కేసు ఎక్కడ అంటే లేబర్ ఆఫీసులో, డిప్యూటీ కమిషనరో అసిస్టెంట్ కమిషనరో చూస్తారు, ప్రమాదం జరిగిన చోటే కాదు మీరు ఉండే చోట కూడా వేసుకోవచ్చు. రెండేళ్లు గడువు ఉంది, 2027 ఆగస్టు దాకా, కానీ ఆఖరి దాకా ఆగకండి, సాక్షులు వేరే సైట్లకి వెళ్లిపోతారు. లాయర్‌కి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేయండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచితంగా ఇస్తారు. వచ్చినదాంట్లో ఇంత శాతం నాది అనే లాయర్ దగ్గరికి వెళ్లొద్దు, అలా తీసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలే ఉంది. డిశ్చార్జ్ సమ్మరీ, ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసు (పోలీసులకి తెలిపే ప్రమాదం కేసు) రాశారా అన్నది, మేస్త్రీ హాజరు పుస్తకం ఫోటో, కూలి ఫోన్లో వేసిన మెసేజ్‌లు, పక్కన పనిచేసిన ఇద్దరి నంబర్లు, ఇవన్నీ ఇప్పుడే ఒక కవర్లో పెట్టుకోండి. ఆయన పేరు మీద ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) కట్టారేమో కూడా ఒకసారి కనుక్కోండి, కట్టి ఉంటే ఇది కాదు, ఈఎస్ఐ దారిలో వెళ్లాలి, రెండూ రావు. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే మాత్రం ఆ కార్మికుల సంక్షేమ బోర్డు సాయానికి విడిగా అప్లై చేయొచ్చు.

డబ్బు వచ్చాక ముందు మిగిలిన అప్పు తీర్చండి, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఎఫ్‌డీ వేసుకోండి, మిగతాది పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో ఇద్దరి పేరు మీదా పెట్టండి. 2025లో అక్కడ 7.4 శాతం ఇచ్చారు, ఆ రేటుకి నాలుగు లక్షలు పెడితే నెలకి సుమారు 2,466 వస్తుంది. కొంచెం పక్కన పెట్టి ఆయన కూర్చుని చేయగలిగే పని ఏదైనా పెట్టుకోవచ్చు, కానీ మొదటి ఏడాది అసలు కదపొద్దు. డబ్బు వచ్చిందని తెలిశాక చేబదులు అడిగే చుట్టాలు వస్తారు, పోస్టాఫీసులో లాక్ అయిపోయింది అని చెప్పండి, అబద్ధం కూడా కాదు.