బంతి పట్టలేకపోతున్న నాలుగేళ్ల బాబు గురించి

నమస్కారం అండీ. ఆటిజం ఉన్న మీ నాలుగేళ్ల బాబు బంతి పట్టలేకపోతున్నాడని, వ్యాయామం చేయించబోతే ఏడ్చి పారిపోతున్నాడని రాశారు. దయచేసి దీన్ని మొండితనంగా భావించకండి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి కండరాల బిగువు తక్కువగా ఉండడమో, చూసిన కదలికను తమ శరీరంతో ఏ వరుసలో చేయాలో వెంటనే తోచకపోవడమో కనిపిస్తుంది. అందువల్ల "పట్టుకో" అన్న మాట అర్థమైనా చేతులు సమయానికి లేవవు.

కొన్నాళ్లు బంతిని పక్కన పెట్టి, పలుచని చేతిరుమాలు ఎగరేసి పట్టించండి. అది నెమ్మదిగా దిగుతుంది కనుక కన్ను దాన్ని వెంబడించడానికీ చేతులు సిద్ధపడడానికీ వ్యవధి దొరుకుతుంది. (బెలూన్ కూడా పనికొస్తుంది గానీ, పగిలిన ముక్కలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.) తరువాత ఎదురెదురుగా కూర్చుని పెద్ద మెత్తని బంతిని దొర్లించండి, అది కుదిరాక అడుగు దూరం నుంచి చేతుల్లోకి వేయండి. మాటలతో వివరించడం కన్నా చేసి చూపించడం, వెనుక నుంచి చేతులు పట్టి చేయించి క్రమంగా వదిలేయడం మేలు. ఎన్నిసార్లు చేయాలో, ఎప్పుడు ముగుస్తుందో బొమ్మల కార్డులతో ముందే చూపిస్తే ఏడుపు తగ్గే అవకాశం ఎక్కువ.

మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 180 నిమిషాల కదలిక, అందులో 60 నిమిషాలు చురుకైనది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అది రోజంతా ఆటల్లో విడివిడిగా సమకూడవచ్చు. బాబు మునివేళ్ల మీదే నడుస్తుంటే ఫిజియోథెరపిస్టుకు చూపించండి. వచ్చిన నైపుణ్యం పోతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి.