పడవ రిపేర్ల కోసం లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర. ఇంగ్లండ్‌లో ఉద్యోగం. అద్దెలు కట్టలేక రెండేళ్ళ క్రితం 2001లో కట్టిన 57 అడుగుల నారోబోట్ (ఇక్కడి కాలువల్లో తిరిగే సన్నటి ఇనుప పడవ) కొని అందులోనే ఉంటున్నాను. చలికాలం మెరీనాలో (పడవలు ఆపుకునే రేవులో), వేసవి అంతా గ్రాండ్ యూనియన్ కాలువ మీద, పని లాప్‌టాప్‌లో. ఇంటికి పంపేది, ఖర్చులు పోను నెలకు 450 పౌండ్లు మిగులుతోంది, దాచింది 4,200 ఉంది. ఇప్పుడు బ్యాటరీలు పోయాయి. లిథియం వేయించడానికి 2,300 అన్నారు, హల్ బ్లాకింగ్‌కి (పడవ అడుగు ఇనుముకి తుప్పు పట్టకుండా వేసే నల్ల పూతకి) 1,100, పాడైన డీజిల్ హీటర్ మార్చడానికి 1,400. 5,000 లోన్ తీసుకుని అన్నీ ఒకేసారి చేయించేయనా, లేక పడవ అమ్మేసి హైదరాబాద్‌లో ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టనా? అన్నయ్య రెండోదే చెయ్యమంటున్నాడు.

జవాబు: లోన్ వద్దు. ఇప్పుడే అమ్మడమూ వద్దు. ఎందుకో చెప్తాను.

మూడేళ్ళకి 10 శాతం వడ్డీతో 5,000 తీసుకుంటే నెలకు దాదాపు 161 పౌండ్లు కట్టాలి, మొత్తం మీద 800 పైచిలుకు వడ్డీకే పోతుంది. ఆ 800 ఒక్కటే అయితే నేను ఇంత గట్టిగా వద్దనను. తారు పూతతో చేసే బ్లాకింగ్ రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ చేయించాల్సిందే, అంటే మీ లోన్ వాయిదాలు తీరకముందే పడవ మళ్ళీ యార్డు ఎక్కాలి, అప్పుడు చేతిలో డబ్బుండదు కాబట్టి ఇంకో లోన్. పడవలో ఉండేవాళ్ళు అప్పుల్లో కూరుకుపోవడం ఎక్కువగా ఇలాగే మొదలవుతుంది, ఏదో పెద్ద ప్రమాదం జరిగి కాదు. బ్లాకింగ్, బ్యాటరీలు, సేఫ్టీ సర్టిఫికెట్ ఇవేవీ అనుకోని ఖర్చులు కావు. తేదీ ముందే తెలిసిన ఖర్చులు.

అందుకే నేను చెప్పేది, ఆ వాయిదా బ్యాంకుకి కాకుండా మీకు మీరే కట్టుకోండి. మీరు ఇచ్చిన కోట్‌లు, మిగతాచోట్ల నా అంచనా కలిపి లెక్క వేశాను. బ్లాకింగ్‌కి నెలకు 45, బ్యాటరీలు నాలుగేళ్ళు వస్తాయనుకుని 12, ఆనోడ్లకి (హల్ బదులు తాము కరిగిపోయే లోహపు ముక్కలకి) 8, నాలుగేళ్ళకోసారి తప్పనిసరిగా చేయించాల్సిన బోట్ సేఫ్టీ స్కీమ్ పరీక్షకి 5, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లకి 10, స్టవ్ తలుపు చుట్టూ ఉండే సీల్ తాడు, పొగగొట్టం లాంటి వాటికి 5, నీళ్ళ పంపు, టాయిలెట్, గ్యాస్ గొట్టాల లాంటి చిల్లర రిపేర్లకి 20, ఇక గేర్‌బాక్స్, హీటర్, ఇనుము పని లాంటి పెద్దవాటికి 60. అంతా కలిపి 165 అవుతుంది, 170 అనుకోండి. మిగిలే 450లోంచి జీతం పడ్డ రోజే ఇది పక్కకి వెళ్ళిపోవాలి, వేరే అకౌంట్‌లోకి. దానికి ‘పడవ’ అని పేరు కూడా పెట్టుకోండి.

ఇప్పుడు చేతిలో ఉన్న 4,200 ఎక్కడ పెట్టాలి? ముందు హల్. మిగతా ఏది పాడైనా ఇబ్బందే, కానీ హల్ పాడైతే ఇల్లే మునిగిపోతుంది. మీ పడవ కాలానికి చాలా నారోబోట్లకి అడుగు రేకు 10 మి.మీ., పక్కలు 6 మి.మీ. మందం పెట్టేవాళ్ళు. పాతికేళ్ళ నీటిలో అది ఎంత మిగిలిందో పైనుంచి చూస్తే తెలియదు. పడవని నీళ్ళలోంచి పైకి ఎత్తించడమే పెద్ద ఖర్చు కాబట్టి, ఎత్తించినప్పుడే ప్రెషర్ వాష్ కొట్టించి, సర్వేయర్ చేత అల్ట్రాసోనిక్ మీటర్‌తో మందం కొలిపించి, ఆ తర్వాతే తారు పూయించండి. ఈ వరస తప్పకూడదు. పూత పడ్డాక సర్వే అంటే మళ్ళీ గీకాల్సి వస్తుంది. పడవకి 25, 30 ఏళ్ళు వచ్చాక చాలా బీమా కంపెనీలు హల్ సర్వే లేకుండా పూర్తి బీమా ఇవ్వవు, మీ పడవకి ఆ వయసు వచ్చేసింది కాబట్టి ఇది ఎలాగూ తప్పదు. సర్వేకి 500, బ్లాకింగ్ 1,100, కొత్త మెగ్నీషియం ఆనోడ్లు వెల్డింగ్‌తో కలిపి 350 అనుకుందాం. ఇక్కడికి 1,950.

ఇంకో 110 పౌండ్లు మాత్రం తప్పకుండా ఖర్చు పెట్టమంటాను, దాని గురించి మీరు అడగలేదు. చలికాలమంతా మెరీనా కరెంటు ప్లగ్ పెట్టుకుని ఉంటారు కదా, ఆ ఎర్త్ తీగ ద్వారా మీ ఇనుము పక్క పడవల ఇనుముతో కలుస్తుంది, సన్నటి కరెంటు పారుతుంది, ముందు మీ ఆనోడ్లు కరుగుతాయి, అవి అయిపోయాక హల్‌కే గుంటలు పడతాయి. మధ్యలో గాల్వానిక్ ఐసొలేటర్ ఉంటే అది ఆగుతుంది. మీ పడవలో అది ఉందో లేదో ఈ వారమే చూడండి. వేల పౌండ్ల ఇనుము పని తప్పించే వస్తువు అది.

బ్యాటరీల దగ్గర కాస్త ఆగుతాను, మీ డబ్బు అక్కడే కారిపోతోంది. రెండేళ్ళలో పోయాయంటే బ్యాటరీలు చెడ్డవని మీరు అనుకోవచ్చు, కానీ అసలు కారణం వాడే తీరు. వేసవిలో రోజూ లాప్‌టాప్, ఫ్రిజ్, ఇన్వర్టర్ నడుస్తాయి, ఇంజిన్ ఏ గంటో రెండు గంటలో తిప్పుతారు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి చివరి 20 శాతం ఎక్కడానికి చాలా గంటలు పడుతుంది, ఆ గంటలు దానికి ఎప్పుడూ దొరకవు. ఎప్పుడూ సగం ఆకలితో ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి చచ్చిపోతుంది, సగం కంటే కిందికి దింపేస్తే ఇంకా తొందరగా. ఇదే అలవాటు మీద లిథియం పెడితే అది తట్టుకుంటుంది నిజమే, కానీ లిథియం వచ్చినంత కరెంటూ లాగేసుకుంటుంది, మధ్యలో ఆ కరెంటుని అదుపు చేసే డీసీ నుంచి డీసీ ఛార్జర్ లేకుండా నేరుగా కలిపితే ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే పాత ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు, అప్పుడు ఖర్చు 2,300తో ఆగదు. ఈ ఏడాదికి మామూలు 110 ఆంపియర్ అవర్ బ్యాటరీలు మూడు, ఒక బ్యాటరీ మానిటర్, కలిపి 440 లోపు చూసుకోండి. మానిటర్ లేకుండా మాత్రం కొనకండి. రోజుకి ఎంత వాడుతున్నారో ఒక వేసవి అంతా రాసుకుంటే, తర్వాత కావలసింది లిథియమా, ఇంకో రెండు సోలార్ ప్యానెళ్ళా అన్నది ఆ అంకెలే చెప్తాయి.

డీజిల్ హీటర్ ఆగుతుంది. బొగ్గు స్టవ్ ఉంటే ఈ చలికాలం గడిచిపోతుంది, కానీ కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడండి. అది పరీక్షలో అడుగుతారని కాదు, మూసిన పడవలో స్టవ్ పెట్టుకుని నిద్రపోయేది మీరు.

కూడితే 1,950, 110, 440, మొత్తం 2,500. ఇంకా 1,700 మిగిలింది. మీ కనీస ఖర్చు నెలకు 1,500 అనుకుంటే మూడు నెలలకి 4,500 అత్యవసర నిధి కావాలి, అంటే 2,800 తక్కువ. పడవ అకౌంట్‌కి 170 పోగా నెలకు 280 ఉంటుంది, పది నెలల్లో నిండిపోతుంది. ఎక్కడా లోన్ అక్కర్లేదు.

ఈ రెండు నిధులూ ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే సేవింగ్స్ అకౌంట్‌లోనే ఉండాలి, అదీ ఇంగ్లండ్‌లోనే. వడ్డీ ఎక్కువని ఇండియాలోని ఎన్‌ఆర్‌ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టకండి, ఏడాది నిండకముందే రద్దు చేస్తే వడ్డీ ఏమీ రాదు, పైగా రూపాయి ఎటు పోతుందో తెలియదు. మనవాళ్ళ చీటీల్లో కూడా వద్దు. పంపు కాలిపోయిన రోజున పాట మీకు రావాలని లేదు.

చేతితో చేసుకోగలిగే పని నేర్చుకుంటే ఖర్చు చాలా తగ్గుతుంది. ఆయిల్, ఫిల్టర్లు మార్చడం, ప్రయాణం అయ్యాక స్టెర్న్ గ్లాండ్‌కి (ప్రొపెల్లర్ కడ్డీ బయటికి వెళ్ళే చోట నీళ్ళు రాకుండా ఆపే భాగానికి) గ్రీజు తిప్పడం, గడ్డకట్టే చలి ముందు నీళ్ళ పైపులు ఖాళీ చేయడం, డీజిల్ ట్యాంకులో తేమ పట్టకుండా చలికాలం నిండుగా ఉంచడం, ఇవన్నీ మీరే చేసుకోవచ్చు. స్టెర్న్ గ్లాండ్‌లోంచి కొన్ని చుక్కలు పడటం మామూలే, కారుతూనే ఉంటే మాత్రం ప్యాకింగ్ మార్పించండి, బిల్జ్‌లో (పడవ లోపలి అడుగున) నిలిచిన నీళ్ళు అడుగు రేకుని లోపలినుంచి తినేస్తాయి. గ్యాస్ పని మాత్రం ముట్టుకోవద్దు, పడవల పని చేసే అర్హత ఉన్న గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న మనిషినే పిలవండి.

ఇక అన్నయ్య మాట. ఆయన చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది, పడవ కింద భూమి లేదు, ఏటేటా దాని ధర పెరుగుతుందని ఆశ పెట్టుకోకూడదు. కానీ ఇప్పుడు అమ్మితే కొనేవాడి సర్వేయర్ పూత పోయిన హల్‌ని, చచ్చిన బ్యాటరీలని చూసి బేరం దింపేస్తాడు, దాంతోపాటు మీకు మళ్ళీ అద్దె మొదలవుతుంది. ఫ్లాట్ ఆలోచన తప్పు కాదు, అత్యవసర నిధి నిండాక, నెలకు ఆ 280 చేతిలో మిగలడం మొదలయ్యాక దాని గురించి మాట్లాడుకుందాం. గోదావరి కాలువల లాకులు చూసి పెరిగినవారు మీరు, ఇక్కడి లాకుల్లో పడవ నడుపుకుంటూ బతుకుతున్నారు, అది వదులుకోవాలనుకుంటే ఇష్టమై వదులుకోండి, టెన్షన్‌లో కాదు.

వసంతంలో యార్డులు నిండిపోతాయి, ఇప్పుడే ఫోన్ చేసి తేదీ తీసుకోండి, ఎత్తించడం, వాష్, పూత మూడూ ఆ 1,100లోనే ఉన్నాయా అని రాతలో అడగండి. సర్వే రిపోర్టు వచ్చాక మందం అంకెలు నాకు పంపండి. ఎక్కడైనా 4 మి.మీ.కి దగ్గర పడి ఉంటే బీమా కంపెనీ పైన ఇంకో రేకు వేయించమంటుంది, అప్పుడు లెక్క మళ్ళీ మొదటినుంచి వేద్దాం.