పబ్లిక్ నోటీసులు ఆన్‌లైన్‌లో పెడితే చాలదా? ఇంకా పేపర్లో ఎందుకు వేయాలి?

ఆన్‌లైన్‌లో పెట్టాలి, అందులో నాకు అభ్యంతరం లేదు. పేపర్లో వేయడం ఆపేయమంటే మాత్రం ఒప్పుకోను. "ఆ ప్రకటనల ఖర్చు దండగ, ఈ రోజుల్లో పేపర్ ఎవరు చదువుతున్నారు" అని మీరు ప్రశ్నలో రాశారు. అలా చదివే ఒకే ఒక్క మనిషి వల్ల మా పెదనాన్న బోరూ మామిడిచెట్లూ లెక్కలోకి వచ్చాయి కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు రాజాం దగ్గర పల్లె. 2017లో ఒక పిల్లకాలువ కోసం మా వైపు భూమి తీసుకుంటారని ఊళ్లో అనుకుంటూనే ఉన్నారు గానీ ఎవరిది పోతుందో, ఎంత పోతుందో ఎవరికీ తెలీదు. మా వీధి చివర టీ బడ్డీకి రిటైరైన మాస్టారొకరు రోజూ పొద్దున్నే ఆరింటికల్లా వచ్చి కూర్చునేవారు. మొదటి పేజీ నుంచి టెండర్లు, శ్రద్ధాంజలి ఫోటోల దాకా ఏదీ వదలకుండా పైకే చదివేవారు, వినేవాళ్లు వినేవారు. ఆ రోజు జిల్లా పేజీల్లో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న నోటీసు దగ్గర ఆగి, "ఓరి, ఇది మనూరి పేరు కదేటి!" అన్నారు. అప్పుడే పాలకేంద్రంలో పాలు పోసి వస్తున్న పెదనాన్నని పిలిచి సర్వే నంబర్లు ఒక్కొక్కటీ చదివారు. మూడోది మాదే. పేరు మాత్రం చనిపోయి పన్నెండేళ్లయిన మా తాతది. 38 సెంట్లు, మెట్ట అని రాసి, చెట్లు, బోర్లు రాయాల్సిన గడిలో చిన్న గీత గీసేశారు. అక్కడ బోరుంది, కాపుకొచ్చిన నాలుగు మామిడిచెట్లున్నాయి.

మాస్టారు బడ్డీవాడి దగ్గర బ్లేడు తీసుకుని ఆ నోటీసు కోశారు. పైన పేపర్ పేరూ తేదీ ఉన్న పట్టీని కూడా కోసి, రెండిటికీ పిన్ను కొట్టి ఇచ్చారు. ఆ పట్టీ ఎందుకో అప్పుడు మాకెవరికీ అర్థం కాలేదు.

తాత పేరు మీద ఉంది కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలన్నారు, దాని కోసం తిరిగేసరికే నెల దాటింది. చివరికి అర్జీ పట్టుకుని వెళ్తే అక్కడ సీట్లో ఉన్నాయన గడువు అయిపోయిందన్నారు. ఏ రోజు నుంచి లెక్కేశారో చెప్పలేదు. పెదనాన్న పాసుబుక్కు కవర్లోంచి ఆ ముక్క తీసి బల్ల మీద పెట్టారు. ఆ పట్టీ మీది తేదీ నుంచి వేళ్లు మడిచి లెక్కపెడితే నలభై ఏడో రోజు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ మీద, అంటే ఇలా మొదట వేసే నోటీసు మీద, అభ్యంతరం చెప్పడానికి 60 రోజుల టైముంది. సీట్లో ఉన్నాయన ఇంకేం మాట్లాడకుండా అర్జీ తీసుకుని రసీదిచ్చారు. తర్వాత సర్వేయర్ మళ్లీ వచ్చి కొలిచారు, బోరూ చెట్లూ ఎక్కాయి.

ఆ తర్వాత వచ్చే డిక్లరేషన్, అంటే ఫలానా భూమి తీసుకుంటున్నామని ఖాయం చేసే ప్రకటన, వెబ్‌సైట్‌లో ఉంది చూసుకోమన్నారు. నేనప్పటికి గాజువాకలో ఉద్యోగం చేస్తున్నాను, కంప్యూటరుంది, నెట్టుంది, అయినా రెండు రాత్రులు పట్టింది. ఊరి పేరు తెలుగులో కొట్టి చూశాను, ఇంగ్లీషులో కొట్టి చూశాను, ఏమీ రాలేదు. ఎందుకంటే అది టైపు చేసిన ఫైలు కాదు, కాగితాన్ని స్కాన్ చేసి పెట్టిన బొమ్మ, అందులో ఏ మాట వెతికినా దొరకదు. ఫైలు పేరు ఏవో అంకెలు. తెరిస్తే పేజీ అడ్డంగా పడుకుని ఉంది, సర్వే నంబర్ల వరుస మీదే గుండ్రటి సీలు. ఏ రోజు అప్‌లోడ్ చేశారో ఎక్కడా లేదు. రేపు ఎవరైనా గడువైపోయిందంటే, కాలేదని నేను దేన్ని చూపించాలి?

ఇంకోటి, ఆ భూసేకరణ చట్టంలో ఎక్కడా పేపర్‌కి బదులు వెబ్‌సైట్ అని లేదు. గెజిట్‌లో వేయాలి, ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషది అయ్యుండాలి, పంచాయతీ ఆఫీసులో పెట్టాలి, వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి, ఇవన్నీ చేయాలి. ప్రాజెక్టులకి పర్యావరణ అనుమతుల గురించిన 2006 నాటి నోటిఫికేషన్ అయితే పేపరు చేరని చోట ప్రజాభిప్రాయ సేకరణ గురించి డప్పు కొట్టించైనా చెప్పాలంటుంది. మా పెద్దవాళ్లు సాటింపు అనేవారే, అదే.

ఆన్‌లైన్‌లో పెట్టింది తీసేయడం ఎంత సులువో కూడా చూశాం. 2021 ఆగస్టులో మన ఆంధ్రప్రదేశ్‌లో జీవోలు వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా పెట్టడం ఆపేశారు, ఆ పాత పద్ధతి మళ్లీ 2024లో గానీ రాలేదు. పేపర్లో అచ్చయి ఇంటింటికీ వెళ్లిపోయినదాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మా రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, అప్పట్నుంచి పాత కాగితం ఏది కావాలన్నా ఏ జిల్లా సైట్‌లో వెతకాలన్నది ఒక టెన్షన్. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. అలాంటప్పుడు పంచాయతీ గోడకి అంటించిన లిస్టే జనానికి దిక్కు.

అలాగని పేపర్లవాళ్లు చేసేదంతా బాగుందని కాదు. ఆ అక్షరాల సైజు అరవై ఏళ్లవాళ్లు చదవగలిగేదా? పైగా ఊరికి ఒక్క కాపీ కూడా రాని పత్రికలో వేసి రూలు పాటించామంటే ఎలా? మా ఊళ్లో సగం మంది కుర్రాళ్లు విశాఖ, హైదరాబాద్, చెన్నైల్లో పనులు చేసుకుంటున్నారు, వాళ్లకి ఆన్‌లైన్ కావాల్సిందే. 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు ఇస్తున్నారు కదా, రైతు ఫోన్ నంబర్ ఎలాగూ వాళ్ల దగ్గరుంటుంది, ఫలానా సర్వే నంబరు మీద నోటీసు పడిందని తెలుగులో ఒక మెసేజ్ పంపితే దానికయ్యే ఖర్చెంత? అది చేయండి, పేపర్లోనూ వేయండి.

మీ ఊరి పేరుతో నోటీసు కనబడితే మాత్రం తేదీ పట్టీతో సహా కోసి దాచుకోండి. వెబ్‌సైట్‌లో అయితే పైన అడ్రసు, కింద ఆ రోజు తేదీ పడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపి ఉంచండి.