ఐవీఎఫ్ మందులు సొంత డబ్బుతో కొంటున్నారా? బేరం కంటే ముందు ప్రిస్క్రిప్షన్ చూడండి

ప్రశ్న: నా వయసు 34. ఐవీఎఫ్ చేయించుకోవాలని నిర్ణయించుకున్నాం. మా ఆరోగ్య బీమా దీనికి వర్తించదు. క్లినిక్ చెప్పిన ప్యాకేజీకి సరిపడా డబ్బు కూడబెట్టుకున్నాం. తీరా చూస్తే అందులో మందుల ఖర్చు లేదట. ఇంజెక్షన్ల లిస్టు చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. అత్యవసరాలకు దాచుకున్న డబ్బు తీయాలా, అప్పు చేయాలా? మందులు తక్కువలో కొనే దారి ఏమైనా ఉందా?

జవాబు: దాచుకున్న డబ్బును ఇప్పుడే ముట్టుకోకండి. అప్పు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ లిస్టు సంగతి తేల్చాలి. ఫార్మసీలో బేరమాడి మిగుల్చుకునే దానికంటే, ఆర్డర్ పెట్టకముందు డాక్టర్‌ను అడిగే నాలుగు ప్రశ్నల వల్ల మిగిలేదే ఎక్కువ. మోతాదు మాత్రం మీ అంతట మీరు ఒక్క యూనిట్ కూడా తగ్గించకూడదు.

లిస్టులో ఎన్ని పేర్లున్నా, డబ్బులో పెద్ద వాటా ఫాలికిల్స్‌ను, అంటే అండాశయంలో అండాలు పెరిగే చిన్న సంచులను, పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ ఇంజెక్షన్లదే. ఇవి సాధారణంగా 8 నుంచి 12 రోజులు వాడాలి. ఫోలిక్ యాసిడ్, లెట్రోజోల్ లాంటి మాత్రల దగ్గర పొదుపు కోసం తల బద్దలు కొట్టుకోకండి.

ఆ ఇంజెక్షన్ల దగ్గరే కాగితం, పెన్ను తీసుకుని ఒక లెక్క వేయండి. రోజుకు 225 యూనిట్లు, 10 రోజులు అనుకుందాం. మొత్తం 2,250 యూనిట్లు. ఈ మందు నింపిన ఇంజెక్షన్ పెన్నులుగా దొరుకుతుంది. 900 యూనిట్ల పెన్నులు మూడు కొంటే 2,700 అవుతాయి, 450 యూనిట్లు వృథా. అదే 900వి రెండు, 450ది ఒకటి తీసుకుంటే లెక్క సరిగ్గా సరిపోతుంది. 900 పెన్నులో నాలుగు డోసులు, 450 పెన్నులో రెండు డోసులు వస్తాయి కాబట్టి మధ్యలో ముక్కలు కూడా మిగలవు. డోసు మారి చివర్లో 150 యూనిట్లు మిగిలాయనుకోండి, వాటిని పారేయకండి. ఆ 150 తీసుకుని, మిగతా 75 కొత్త పెన్ను నుంచి తీసుకోవచ్చు. ఇంకో సూది గుచ్చుకోవాలి, నిజమే. కానీ దాంతో చాలా డబ్బు మిగులుతుంది. ఎలా చేయాలో నర్సును దగ్గరుండి చూపించమనండి.

మొత్తం మందులు ఒకేసారి కొనకండి. మొదటి ఒకటి రెండు స్కాన్ల తర్వాత డోసు పెరగొచ్చు, తగ్గొచ్చు, ఒక్కోసారి సైకిలే, అంటే ఆ విడత చికిత్సే ఆపేయాల్సి రావొచ్చు. చల్లగా ఉంచాల్సిన మందులను సీల్ తీయకపోయినా ఫార్మసీలు సాధారణంగా వెనక్కి తీసుకోవు. అందుకే ముందు ఐదారు రోజులకు కొని, మిగతాది స్కాన్ చూశాక తీసుకోండి. అయితే రెండో విడతకు స్టాక్ ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. అండాలను చివరిగా పక్వానికి తెచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ మాత్రం ముందే ఇంట్లో ఉండాలి. అండాలు తీయడానికి సుమారు 36 గంటల ముందు, చెప్పిన సమయానికే దాన్ని వేసుకోవాలి. ఆ రాత్రి ఫార్మసీల చుట్టూ తిరిగే పరిస్థితి రాకూడదు.

ఇక డాక్టర్‌ను అడగాల్సినవి. ఈ బ్రాండే కావాలా, బయోసిమిలర్ (అసలు బ్రాండుకు దాదాపు సమానంగా వేరే కంపెనీ తయారుచేసే మందు) సరిపోతుందా? ఎఫ్‌ఎస్‌హెచ్‌కు ఓవాలీప్, బెంఫోలా లాంటివి యూరప్‌లో 2013, 2014ల నుంచే అనుమతి పొందాయి. మూత్రం నుంచి శుద్ధి చేసి తీసే మందులు కూడా ఉన్నాయి. ల్యాబ్‌లో తయారైన వాటితో పోల్చిన అధ్యయనాల్లో బిడ్డ పుట్టే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. డోసు 300 యూనిట్లు దాటితే ఎందుకో అడగండి. అండాలు తక్కువగా వచ్చే అవకాశం ఉన్నవారికి కూడా అంతకు మించి సిఫార్సు చేయబోమని యూరప్ సంతాన వైద్యుల సంఘం ఎష్రే తన మార్గదర్శకాల్లో చెప్పింది.

చాలామంది అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఎంబ్రియోలన్నిటినీ (పిండాలను) ముందు ఫ్రీజ్ చేసే ఆలోచన ఉంటే, అండాలు ముందే విడుదల కాకుండా ఆపే సెట్రోటైడ్, గానిరెలిక్స్ ఇంజెక్షన్లకు బదులు ప్రొజెస్టిన్ అనే హార్మోన్ మాత్రలు వాడే పద్ధతి ఉంది. వీటి ధర చాలా తక్కువ. కానీ అదే సైకిల్‌లో తాజా ఎంబ్రియో పెట్టాలనుకుంటే ఇది పనికిరాదు, ఆ మాత్రల వల్ల గర్భాశయ పొర సిద్ధంగా ఉండదు. మీకు నెలసరి సక్రమంగా వస్తుంటే, ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోను సహజ సైకిల్‌లోనే, అంటే మీ మామూలు నెలసరి క్రమంలోనే పెట్టడం కుదురుతుందేమో కూడా అడగండి. హార్మోన్ మందులు బాగా తగ్గుతాయి. గర్భం నిలవడానికి తోడ్పడే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఏ రూపంలో వాడాలన్నది మాత్రం డాక్టర్‌కే వదిలేయండి. మందులతో గర్భాశయ పొరను సిద్ధం చేసి ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోను పెట్టే సైకిల్‌లో ఇంజెక్షన్ పూర్తిగా మానేసి యోనిలో పెట్టే మాత్రల మీదే ఆధారపడితే గర్భం నిలిచే అవకాశం తగ్గినట్టు ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. అక్కడ పొదుపు చేయడం నాకు ఇష్టం లేదు.

ఇవన్నీ తేలాక రెండు మూడు లైసెన్సు ఉన్న ఫార్మసీలకు ఒకే లిస్టు పంపి, ఒక్కో మందుకు విడివిడిగా ధర, డెలివరీ ఖర్చు అడగండి. ఒకచోట పెన్నులు చవకగా ఉంటే, ఇంకోచోట ట్రిగ్గర్ చవకగా ఉండొచ్చు. తయారీ కంపెనీలకు సొంతంగా డబ్బు కట్టేవారి కోసం రాయితీ పథకాలేమైనా ఉన్నాయేమో క్లినిక్‌లో అడగండి. ఉంటే కొనకముందే దరఖాస్తు చేయాలి. చికిత్స ముగిసినవాళ్లు మిగిలిన ఇంజెక్షన్లు సగం ధరకు ఇస్తామంటారు. వద్దు. అవి ఎంత వేడిలో ఉన్నాయో, అసలువో నకిలీవో మీకు తెలియదు. మందు పనిచేయకపోతే పోయేది ఆ సగం ధర కాదు, మొత్తం సైకిల్.

డబ్బు విషయానికి వస్తే, మందులకు ఒక్క అంకె వేసుకోకండి. తక్కువలో తక్కువ ఎంత, మామూలుగా ఎంత, డోసు పెరిగితే ఎంత అని మూడు రాసుకోండి. వాటి పక్కనే ఎంబ్రియోను గర్భాశయంలో పెట్టేటప్పుడు వాడే (ట్రాన్స్‌ఫర్) మందులు, ఎంబ్రియో నిల్వ ఫీజు చేర్చండి. గర్భం నిలిచినా ప్రొజెస్టిరాన్ చాలాసార్లు 10వ వారం వరకు కొనాల్సి ఉంటుంది, దాన్ని మర్చిపోతారు. మొదటి ప్రయత్నమే ఫలించాలని మనసారా కోరుకుంటున్నాను. అయినా ఉన్నదంతా ఒక్క సైకిల్‌కే పెట్టేసే ప్లాన్‌కు నేను ఒప్పుకోను. పెద్ద అంకెకు కూడా మీ పొదుపు చాలకపోతే, క్రెడిట్ కార్డు బాకీ మోయడం కంటే స్థిర వడ్డీతో, తక్కువ కాలానికి, ఆ తేడా మేరకే అప్పు తీసుకోండి. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు మాత్రం కదపకుండా ఉంచండి. చికిత్స రోజుల్లో మీరు కొన్నాళ్లు జీతం లేని సెలవు పెట్టాల్సి రావొచ్చు, అప్పుడు ఆ డబ్బే ఇంటిని నడపాలి.