అమ్మ రెండో పెళ్ళి సంగతి కాలేజీలో చెప్పాలా?

అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకున్నారని, ఈ ఏడాది బీటెక్‌లో చేరుతున్నానని, హాస్టల్లో తెలిస్తే ఎలా చూస్తారోనని టెన్షన్‌గా ఉందని రాశారు. మా ఇల్లూ అలాంటిదే. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న పోయారు. ఇంటర్‌లో ఉన్నప్పుడు అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆయనకీ భార్య పోయారు, ఒక కొడుకున్నాడు. నేను ఆయన్ని బాబాయ్ అంటాను, వాడు నన్ను అక్కా అంటాడు.

నేను చూసినంతలో కాలేజీ పిల్లలు ఇలాంటి ఇళ్ళను చిన్నచూపు చూడరు. కాకపోతే తండ్రి రెండో పెళ్ళి వాళ్ళకి అలవాటైన విషయం, తల్లి రెండో పెళ్ళి కాదు. మా క్లాసులో ఒకబ్బాయికి అమ్మ చనిపోతే, ఆవిడ చెల్లెలినే వాళ్ళ నాన్నకిచ్చి చేశారు. పిన్నే పెంచింది. అందులో ఎవరికీ వింత కనిపించలేదు. మా అమ్మ సంగతి విన్నప్పుడు మాత్రం అతనే, "మరి మీ నాన్న వైపువాళ్ళు ఒప్పుకున్నారా?" అన్నాడు. మీ నాన్నని ఎవరైనా ఈ మాట అడిగారా అన్నాను. ఆలోచించి, లేదన్నాడు. తర్వాత సెలవుల్లో మా ఇంటికొచ్చి బాబాయ్‌తో కలిసి మ్యాచ్ చూసి వెళ్ళాడు. మంచివాడే, ఆ ప్రశ్న అంతకుముందు తట్టలేదు, అంతే.

మాది రాజమండ్రి. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది ఇక్కడే. ఊళ్ళో పెద్దలు చాలామంది ఎదురుతిరిగితే, ఆయనకు అండగా నిలిచింది విద్యార్థులు. అదే ఊళ్ళో మా అమ్మ పెళ్ళికి దగ్గర చుట్టాలే చాలామంది రాలేదు. అందుకే మన వయసువాళ్ళ మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఇంకో సంగతి. మీరు నోరు విప్పితే పక్కవాళ్ళూ విప్పుతారు. నా రూమ్మేట్‌ది కోనసీమ. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్తే అమ్మమ్మ దగ్గర పెరిగింది. నేను చెప్పేదాకా తనూ ఆ మాట ఎత్తలేదు. ఇంకో అమ్మాయి వాళ్ళ నాన్నకి వేరే ఊళ్ళో మరో కుటుంబం ఉందట, ఒక రాత్రి చెప్పి చాలాసేపు ఏడ్చింది. అమ్మానాన్నా విడిపోయినవాళ్ళూ ఉన్నారు. అందరి ఇళ్ళూ ఒకేలా ఉంటాయని మనమే అనుకుని భయపడతాం.

ఇబ్బంది పెళ్ళి సంబంధాల మాట దగ్గర వస్తుంది. "నాకేం లేదుగానీ మా ఇంట్లో ఒప్పుకోరు" అనేవాళ్ళు తగులుతారు. విన్నప్పుడు మనసు కష్టపడుతుంది. ఇంట్లో అమ్మానాన్నలతో ఆ మాట మాట్లాడగలిగినవాళ్ళనే నేను స్నేహితులుగా లెక్కపెట్టుకున్నాను.

కాలేజీ ఆఫీసులో ఎవరైనా తండ్రి పేరు గురించి గుచ్చి గుచ్చి అడిగితే కంగారుపడకండి. 2022 జులైలో సుప్రీంకోర్టు, మన ఆంధ్ర నుంచి వెళ్ళిన కేసులోనే, భర్త చనిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లికి పిల్లల ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని చెప్పింది. రెండో భర్తను రికార్డుల్లో సవతి తండ్రిగా చూపమనడం దాదాపు క్రూరత్వమేనని కూడా అంది. సర్టిఫికెట్లలో ఒక పేరూ, దింపడానికి వచ్చినాయనది మరో పేరూ ఉన్నంత మాత్రాన మీరు దాచుకోవాల్సిందేమీ లేదు.

చేరేరోజు ఆయన్ని ఏమని పరిచయం చేయాలో మాత్రం ఇంట్లోనే ముందుగా అనుకోండి. మా బాబాయ్ "నీ ఇష్టం అమ్మా" అన్నారు. "మా బాబాయ్, అమ్మని పెళ్ళి చేసుకున్నారు" అని వార్డెన్‌తో చెప్పాను. ఆవిడ ఆయన ఫోన్ నంబరు రాసుకుని రూమ్ తాళం ఇచ్చారు.