పాఠకుల ప్రశ్నలు: శుక్లం తీశాక కంట్లో ఏ లెన్స్?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒకే విషయం మీద ఉన్నాయి. శుక్లం ఆపరేషన్‌కని వెళ్తే ఆసుపత్రి వాళ్లు లెన్స్‌ల ధరల కాగితం చేతిలో పెడుతున్నారు, ఏది ఎంచుకోవాలో తోచడం లేదు అని. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి, పేర్లు తీసేసి, ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. ఇప్పటికీ పట్టు మగ్గం మీద కూర్చుంటారు. రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. మోనోఫోకల్, మల్టీఫోకల్, రెండిటికీ మధ్య రకం ఒకటి ఉందన్నారు. ఖరీదైనదే మంచిదని అన్నయ్య అంటున్నాడు. ఏది వేయించమంటారు? (బరంపురం)

ధర సంగతి కాసేపు పక్కన పెట్టి, బట్టలు కొలిచే టేపు ఒకటి తీసుకోండి. నాన్నగారు మగ్గం మీద మామూలుగా కూర్చున్నప్పుడు కంటి దగ్గర్నుంచి నేత పడుతున్న చోటికి ఎన్ని సెంటీమీటర్లో కొలవండి. తెగిన పోగు అతకడానికి వంగినప్పుడు మరోసారి కొలవండి. పేపరు చదివే దూరం, ఫోన్ చూసే దూరం కూడా రాసుకోండి. ఈ నాలుగు అంకెలూ డాక్టరుగారి ముందు పెడితే సగం పని అయినట్టే. చాలామంది ‘అన్నీ బాగా కనబడాలండీ’ అని ఊరుకుంటారు. ఆ మాటతో ఏ డాక్టరైనా ఏం తేలుస్తారు?

వయసులో ఉన్నప్పుడు కంట్లోని లెన్స్ దగ్గరికీ దూరానికీ తనే ఆకారం మార్చుకుంటుంది. నలభై దాటాక ఆ సాగుడు తగ్గుతుంది, దాన్నే చత్వారం అంటున్నాం. శుక్లం తీసి పెట్టే కృత్రిమ లెన్స్ అసలే ఆకారం మార్చుకోదు. మోనోఫోకల్ అంటే ఒక్క దూరానికి కుదిర్చింది. సాధారణంగా దూరపు చూపుకి కుదురుస్తారు. వీధి, బస్సు బోర్డు, ఎదుటి మనిషి ముఖం కళ్లజోడు లేకుండా కనబడతాయి. దగ్గరికి మాత్రం అద్దాలు కావాలి. ఎంత పవర్ కావాలో మీరే లెక్క వేసుకోవచ్చు: 100ని ఆ దూరపు సెంటీమీటర్లతో భాగించండి. పేపరు 40 సెంటీమీటర్లలో చదివితే +2.5, మగ్గం దూరం 57 అయితే దాదాపు +1.75. అంటే చదువుకి ఒక జోడు, మగ్గానికి ఇంకొకటి. చదివే జోడుతోనే మగ్గం మీద కూర్చుంటే నేత మసకగా ఉంటుంది. మనిషి ముందుకు వంగి వంగి నడుం నొప్పి తెచ్చుకుంటాడు. ‘ఆపరేషన్ సరిగా కాలేదు’ అనే ఫిర్యాదుల్లో ఇలాంటివి కొన్ని ఉంటాయి.

మల్టీఫోకల్ లెన్స్ మీద సన్నటి వలయాలు ఉంటాయి. లోపలికి వచ్చే వెలుతురుని అవి పంచుతాయి: కొంత దూరపు చూపుకి, కొంత దగ్గరికి, మూడు దూరాల రకమైతే 60 నుంచి 80 సెంటీమీటర్ల మధ్యకీ కొంత. పంపకంలో నూటికి పది నుంచి ఇరవై పాళ్ల వెలుతురు దేనికీ పనికిరాకుండా పోతుంది. పైగా అన్ని బొమ్మలూ కంటి వెనక తెర, అంటే రెటీనా మీద ఒకేసారి పడతాయి. కావలసినది ఏరుకోవడం మెదడు నేర్చుకోవాలి, అందుకు మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. నల్లక్షరాలు తెల్లకాగితం మీద చదవడానికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. మెరూన్ పడుగులో మెరూన్ పోగు, అదీ చీకటి గదిలో వెతకాలంటే ఇబ్బందే. రంగుకీ రంగుకీ మధ్య ఉండే సన్నటి తేడా మల్టీఫోకల్‌తో కాస్త తగ్గుతుంది.

మీకు చెప్పిన మధ్య రకం దూరం నుంచి సుమారు 65 సెంటీమీటర్ల వరకు చూపును సాగదీస్తుంది. చిన్న అక్షరాలకు +1 లేదా +1.5 అద్దాలు ఎలాగూ కావాలి. రాత్రి దీపాల చుట్టూ వలయాలు తక్కువే గాని బొత్తిగా లేకపోవు.

నాన్నగారి పనికి మా ఓటు రెండు కళ్లకూ మోనోఫోకల్, మగ్గానికి కొలిచి చేయించిన ఒక జోడు. మిగిలిన డబ్బుతో మగ్గం పైన మంచి లైటు పెట్టించండి.

ప్రశ్న: లారీ నడుపుతాను. వారానికి మూడు రాత్రులు సాలూరు వైపు సుంకి ఘాట్ దిగాలి. కళ్లజోడు బెడద ఉండదని మల్టీఫోకల్ వేయించుకోమంటున్నారు. (జయపురం)

వద్దు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, లెన్స్ మీద వలయాలు మరిన్ని బయటపడతాయి, ఎదురొచ్చే ప్రతి హెడ్‌లైట్ చుట్టూ ఒక వెలుగు చక్రం కనిపిస్తుంది. మలుపులో రెండు లారీలు ఎదురైతే ఆ చక్రాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కొందరికి నెలలు గడిచాక అలవాటవుతుంది, కొందరికి అవదు. మీకు అవుతుందో లేదో ముందుగా చెప్పే పరీక్ష లేదు. దూరానికి కుదిర్చిన మోనోఫోకల్ వేయించుకోండి. బిల్లులు చూడ్డానికి చత్వారపు జోడు జేబులో ఉంచుకుంటే చాలు. ఇప్పుడు మీకు రాత్రిపూట కనిపిస్తున్న చెదురు వెలుతురు చాలావరకు శుక్లం వల్లే కాబట్టి, మోనోఫోకల్‌తోనే అది బాగా తగ్గుతుంది.

ప్రశ్న: రిటైరైన టీచరుని. చిన్నప్పటి నుంచి మైనస్ 4 కళ్లజోడు. చదివేటప్పుడు, కుట్టేటప్పుడు మాత్రం జోడు తీసేస్తాను. ఆపరేషన్ తర్వాత దూరానికి అద్దాలే అక్కర్లేదంటున్నారు. సంతోషించాలా? (గుణుపురం)

సంతోషించే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. రాత్రి పడుకునే ముందు జోడు తీసి పుస్తకం పట్టుకోవడం మీకు ఎంత ఇష్టం? దూరానికి కుదిర్చిన మోనోఫోకల్ వేస్తే ఆ సుఖం పోతుంది. సూదిలో దారం ఎక్కించాలన్నా, గోళ్లు తీసుకోవాలన్నా, మందు సీసా మీద తేదీ చూడాలన్నా అద్దాలు వెతుక్కోవాలి. దూరపు చూపు తక్కువగా ఉండి దగ్గరిది జోడు లేకుండా చూసుకున్నవాళ్లు ఆపరేషన్ తర్వాత దిగులు పడేది ఇందుకే. దీని గురించి ముందు ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు.

మోనోఫోకల్‌నే మైనస్ 2.5 మిగిలేలా వేయమని అడగవచ్చు. అప్పుడు 40 సెంటీమీటర్ల దగ్గర అద్దాలు లేకుండా చదువుతారు. బయటికి వెళ్లేటప్పుడు మైనస్ 2.5 జోడు పెట్టుకుంటారు. అరవయ్యేళ్ల అలవాటేగా, బరువనిపించదు. దీనికి పైసా ఎక్కువ కాదు. పెట్టే లెన్స్ అదే రకం, పవర్ అంకె ఒక్కటే మారుతుంది.

ఇంకో సంగతి. మొదటి కన్ను సున్నాకి తెచ్చి రెండోది మైనస్ 4లోనే ఉంటే, ఆ తేడాకి కళ్లజోడు కుదరదు. ఒకే వస్తువు రెండు పరిమాణాల్లో కనిపించి తల తిరుగుతుంది. రెండో కన్ను కూడా కొన్ని వారాల్లోనే చేయించాల్సి వస్తుంది. మైనస్ 2.5కి తెస్తే తేడా ఒకటిన్నరే, తొందర ఉండదు.

ప్రశ్న: అమ్మకు పన్నెండేళ్లుగా షుగర్. మల్టీఫోకల్ వేయొచ్చా? (రాయగడ)

ముందు రెటీనా చూపించాలి. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి చూడాలి, నడిమి భాగానికి స్కాన్ కూడా తీయించాలి. అక్కడ నీరు గాని, రక్తపు చుక్కలు గాని ఉంటే మల్టీఫోకల్ మాటే ఎత్తకండి. రెటీనా ఇప్పుడు బాగున్నా, మరో పదేళ్లలో దెబ్బతినే అవకాశం ఉన్న కంట్లో వెలుతురు పంచుకునే లెన్స్ పెట్టడం మాకు నచ్చదు. నీటి కాసులు (గ్లకోమా), కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీద మచ్చ ఉన్నవారికీ ఇదే మాట. కంట్లో కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకి ఉంటే ముందు అది తీయించి, నెల పైన ఆగి, కొలతలు మళ్లీ తీయించాలి. లేకపోతే కార్నియా వంపు తప్పుగా వస్తుంది.

ప్రశ్న: ఒక ఆసుపత్రిలో నా కంటికి లెన్స్ పవర్ 21.5 అన్నారు, ఇంకోచోట 20.5. ఎవరిది తప్పు? (పర్లాకిమిడి)

ఎవరిదీ కాకపోవచ్చు. ప్రతి లెన్స్ మోడల్‌కూ కంట్లో అది కూర్చునే చోటును బట్టి ఒక స్థిరాంకం ఉంటుంది, సాధారణంగా 118, 119 దగ్గర. లెన్స్ మోడల్ మారితే అదే కంటికి పవర్ అరా, ఒకటీ మారుతుంది. కాబట్టి పోల్చాల్సింది లెన్స్ పవర్ కాదు, కొలతలు. రెండు కాగితాల్లోనూ కంటి పొడవు చూడండి (చాలామందికి 23 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది), కార్నియా వంపు అంకెలు చూడండి.

పొడవులో ఒక మిల్లీమీటరు తప్పితే కళ్లజోడులో దాదాపు రెండున్నర పవర్ తప్పుతుంది. 0.2 మిల్లీమీటరు తప్పినా అర పవర్. కంటికి తాకించే పెన్సిల్ లాంటి శబ్దతరంగాల యంత్రంతో కొలిచేటప్పుడు చెయ్యి కాస్త నొక్కితే కార్నియా లోపలికి వంగి కన్ను పొట్టిగా చూపిస్తుంది. అప్పుడు ఎక్కువ పవర్ లెన్స్ పడి, దూరం మసకగా మిగులుతుంది. తాకకుండా వెలుతురుతో కొలిచే యంత్రం ఇంతకంటే నికరం. కాకపోతే బాగా ముదిరిన శుక్లంలోంచి ఆ వెలుతురు పోలేదు, అప్పుడు మళ్లీ శబ్దతరంగాలే గతి. కన్ను పొడిబారి మండుతుంటే కొన్ని వారాలు చుక్కలు వాడి, కొలత మళ్లీ తీయించండి. ఒకే యంత్రం మీద రెండుసార్లు తీస్తే రెండూ ఒకేలా రావాలి, అది చాలా ముఖ్యం.

మోనోఫోకల్ అయితే అర పవర్ తప్పినా కళ్లజోడు సర్దేస్తుంది. మల్టీఫోకల్‌లో అదే అర పవర్ తప్పు దగ్గరినీ దూరాన్నీ రెండిటినీ చెడగొడుతుంది. తాకించి కొలిచే యంత్రం ఒక్కటే ఉన్నచోట మల్టీఫోకల్ అమ్మజూపితే ‘ఆలోచించుకుని వస్తాం’ అనండి. సిలిండర్ పవర్ (కార్నియా వంపు అన్ని వైపులా సమంగా లేనందువల్ల వచ్చేది) ఒకటి దాటి ఉన్నవాళ్లు అది సరిచేసే టోరిక్ లెన్స్ గురించి కూడా అడగాలి. ఆ లెన్స్ కంట్లో 10 డిగ్రీలు తిరిగితే మూడోవంతు లాభం పోతుంది. 30 డిగ్రీలు తిరిగితే పెట్టినా పెట్టనట్టే.

ప్రశ్న: కుడికంటికి నాలుగేళ్ల కిందట మామూలు లెన్స్ వేశారు, దూరం బాగుంది. ఎడమకంటికి మల్టీఫోకల్ వేస్తే రెండూ కలిసి పనిచేస్తాయా? కొమ్ముతో బొమ్మలు చెక్కుతాను. (పర్లాకిమిడి)

కలుస్తాయి గాని, రెండు కళ్ల బొమ్మలకూ స్పష్టతలో తేడా తెలుస్తుంది. అంతకంటే తేలిక దారి ఉంది: ఎడమకంటికీ మోనోఫోకలే, మైనస్ 1.25 మిగిలేలా. ఆ కన్ను 80 సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా చూస్తుంది. అన్నం కంచం, దుకాణంలో తక్కెడ, పెద్ద అక్షరాల ఫోన్ అద్దాలు లేకుండా సాగిపోతాయి. 35 సెంటీమీటర్లలో చెక్కే పనికి జోడు తప్పదు, ఏ లెన్స్ వేసినా ఆ పనికి మేం జోడే చెబుతాం.

ఎడమకంట్లో శుక్లం ఇంకా పలచగా ఉంటే, పరీక్ష ఫ్రేములో ఆ తేడా పెట్టించుకుని ఓ అరగంట ఆసుపత్రి వరండాలో తిరగండి. మెట్లు దిగి చూడండి. కడుపులో తిప్పితే వద్దు. నాలుగేళ్ల కిందటి లెన్స్ స్టిక్కర్ ఉన్న కాగితం వెతికి తీసుకెళ్లడం మరచిపోకండి. అప్పుడు ఏ మోడల్, ఏ పవర్ వేస్తే ఏం ఫలితం వచ్చిందో తెలిస్తే రెండో కంటి లెక్క ఇంకా కచ్చితంగా వస్తుంది.

ప్రశ్న: ఆయుష్మాన్ కార్డు మీద విశాఖలో చేయించుకోవచ్చా? ఏ లెన్స్ ఇస్తారు? (గుణుపురం)

ఆ పథకంలో చేరిన ఆసుపత్రి అయితే వేరే రాష్ట్రంలోనైనా కార్డు చెల్లుతుంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి కంటి విభాగానికి ఆ పథకం ఉందో లేదో అడగండి, అన్ని విభాగాలకూ ఉండదు. ఇచ్చేది మోనోఫోకల్: చిన్న కోతతో మడతపడే లెన్స్, లేదా కాస్త పెద్ద కోతతో మడత పడనిది. ఉచితం కాబట్టి నాసిరకం అనుకోకండి, చూపు విషయంలో రెండూ నికార్సైనవే.

ప్రశ్న: ఆపరేషన్ అయిన రెండేళ్లకు ‘మళ్లీ పొర వచ్చింది’ అన్నారు. లెన్స్ మార్చాలా? (కొరాపుట్)

అక్కర్లేదు. మీ పాత లెన్స్‌ను చుట్టి ఉండే సంచిని ఆపరేషన్‌లో కొత్త లెన్స్ వెనక మిగులుస్తారు, ఆ సంచి పొర మసకబారింది. యాగ్ లేజర్‌తో నిమిషాల్లో దాని మధ్య చిన్న రంధ్రం చేస్తారు, కోత ఉండదు. ఒక్క మెలిక: మీది మల్టీఫోకల్ అయి, మొదటి రోజు నుంచీ చూపు నచ్చకపోతే లేజర్‌కు తొందరపడకండి. సంచికి రంధ్రం పడ్డాక లెన్స్ మార్చడం కష్టమవుతుంది. ముందు ఆ సంగతి తేల్చుకోండి.

ప్రశ్న: ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడుతున్నాను. కంటి డాక్టరుకు చెప్పాలా? (రాయగడ)

తప్పకుండా. ఆ మందు వల్ల ఆపరేషన్ మధ్యలో కంటిపాప చుట్టూ ఉన్న పొర వదులై, పాప ముడుచుకుపోతుంది. మందు ఆపినా ఆ ప్రభావం పూర్తిగా పోదు కాబట్టి మీ అంతట మీరు ఆపకండి. డాక్టరుకు ముందే తెలిస్తే తగిన సరంజామాతో సిద్ధంగా ఉంటారు.

ప్రశ్న: ఆపరేషన్ అయిన ఎన్నాళ్లకు కళ్లజోడు రాయించుకోవాలి? (బరంపురం)

నాలుగు నుంచి ఆరు వారాలు. చుక్కలు పూర్తయి కన్ను కుదుటపడ్డాకే పవర్ నిలకడగా ఉంటుంది. దూరానికి కుదిర్చిన లెన్స్ అయితే ఈలోగా మందుల దుకాణంలో దొరికే +2.5 రెడీమేడ్ జోడు పేపరుకి వాడుకోవచ్చు, కంటికేం కాదు. చుక్కల సీసా మీద అక్షరాలు చదవడానికి మొదటి వారమే పనికొస్తుంది.